మందే లేని రోజుల్లో క్షయ మీద మునిసిపాలిటీలు ఏం చేశాయి? అదంతా దండగేనా?

పాతకాగితాలు
క్షయకి మొదటి అసలు మందు స్ట్రెప్టోమైసిన్. అది దొరికింది 1943లో, రోగుల చేతికి అందింది ఇంకా తర్వాత. జర్మన్ డాక్టరు రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని లోకానికి చూపించింది 1882 మార్చి 24న. మధ్యలో అరవై ఏళ్ళు. ఈ అరవై ఏళ్ళూ ఎడింబరో, న్యూయార్కు లాంటి ఊళ్ళు డిస్పెన్సరీలు పెట్టి, నర్సుల్ని ఇంటింటికీ తిప్పి, బోలెడు డబ్బు పోశాయి. ఎక్కడ చదివినా రెండే మాటలు. ఒకరు మహాద్భుతం అంటారు, ఇంకొకరు "తిండీ ఇళ్ళూ బాగుపడి జబ్బు తగ్గింది, వీళ్ళు చేసిందేమీ లేదు" అంటారు. ఆ నర్సు ఇంటికెళ్ళి ఏం చూసేది? తెమడ ఎవరు మోసుకెళ్ళేవారు? ఉమ్మిన డబ్బా ఏం చేసేవారు? ఇవి మాత్రం ఎవరూ రాయరు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు
ఎడింబరో దగ్గర మొదలెడదాం, చాలా ఊళ్ళు అక్కణ్ణించే ఎత్తుకున్నాయి కాబట్టి. 1887లో రాబర్ట్ ఫిలిప్ అనే డాక్టరు బ్యాంక్ స్ట్రీట్‌లో చిన్న డిస్పెన్సరీ తెరిచాడు. అందులో విశేషం మందు కాదు, పని వరస. దగ్గుతో వచ్చిన మనిషిని చూడటం, తెమడ పరీక్ష, పేరు చిట్టాకెక్కించడం, ఆ తర్వాత నర్సు ఆ ఇంటికెళ్ళడం. అక్కడ ఆమె చూసేవి: గదులెన్ని, మనుషులెందరు, రోగి మంచం ఎవరితో పంచుకుంటున్నాడు, కిటికీ తెరుచుకుంటుందా, ఉమ్మి ఎక్కడ వేస్తున్నాడు, ఇంటికి సంపాదించేవాడు అతనేనా. ఆపైన ఇంట్లోవాళ్ళందర్నీ వరసగా రప్పించి ఛాతీ చూసేవారు. దీన్ని "మార్చ్ పాస్ట్" అనేవారు.

జబ్బు ముదిరినవాళ్ళకి వేరే ఆసుపత్రి, మొదటి దశలో ఉన్నవాళ్ళకి శానటోరియం (మంచి గాలిలో విశ్రాంతినిచ్చి చూసుకునే ఆసుపత్రి), కోలుకుని మళ్ళీ పనికి అలవాటు పడాల్సినవాళ్ళకి పొలం కాలనీ, అన్నీ డిస్పెన్సరీకే ముడిపడి ఉండాలని ఆయన పథకం. ఆసుపత్రి 1894లో, పోల్టన్ కాలనీ 1910లో వచ్చాయి. డాక్టరు ప్రతి కేసూ మునిసిపాలిటీకి తెలియజెయ్యడం ఎడింబరోలో 1907లో తప్పనిసరి చేశారు, బ్రిటన్ మొత్తానికి 1912లో.

డాట్స్_డాక్టరు
ఇవాళ మన దగ్గర కాంటాక్ట్ ట్రేసింగ్ అంటున్నది అచ్చంగా ఇదే. ఫారం మారింది, ప్రశ్నలు మారలా.

బ్రూక్లిన్_బాబాయ్
న్యూయార్కు సంగతి నేను చెప్తా. 1889లో హెర్మన్ బిగ్స్, ప్రడెన్, లూమిస్ అనే ముగ్గురు డాక్టర్లు కలిసి ఊరి ఆరోగ్య శాఖకి రిపోర్టు ఇచ్చారు: ఇది అంటుకునే జబ్బు, ఆపగలిగే జబ్బు అని. శాఖవాళ్ళు ఊళ్ళో పెద్ద డాక్టర్లని అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. దాంతో కరపత్రాలు పంచి ఊరుకున్నారు. 1892లో కలరా భయం వచ్చి శాఖకి సొంత ల్యాబ్ దొరికింది. అది చేతిలోకి వచ్చాక బిగ్స్ మళ్ళీ కదిలాడు. 1894 నాటికి ఆసుపత్రులూ డిస్పెన్సరీలూ ప్రతి క్షయ కేసూ తెలపాల్సిందే, ప్రైవేటు డాక్టర్లు తెలిపితే మంచిది. 1897లో వాళ్ళకీ తప్పనిసరి.

ఇక్కడ పెద్ద గొడవైంది. రోగి గుట్టు బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది, జీవిత బీమా చెల్లదంటారు, మా పేషెంటుని సర్కారు డాక్టరు లాగేసుకుంటాడు, ఇవీ డాక్టర్ల అభ్యంతరాలు. బిగ్స్ రెండు పనులు చేశాడు. ఒకటి, తెమడ పరీక్ష ఎవరికైనా ఉచితం: డాక్టరు సీసా పంపిస్తే ఫలితం ఆయనకే వస్తుంది, కేసు మాత్రం చిట్టాకెక్కుతుంది. రెండు, ప్రైవేటు డాక్టరు వద్దంటే ఆ ఇంటికి ఇన్‌స్పెక్టరు వెళ్ళడు. అంటే నర్సు తలుపు తట్టేది ప్రైవేటు డాక్టరు లేని బీదవాళ్ళ ఇళ్ళే. ఇది మర్చిపోకూడదు.

ల్యాబ్_లక్ష్మి
ఆ ఉచిత పరీక్షే అసలు కీలకం. 1882లోనే ఎర్లిక్, జీల్, ఆ వెంటనే నీల్సన్ క్రిమికి రంగెక్కించి చూసే పద్ధతిని బాగుచేసేశారు. ఒక మైక్రోస్కోపు, నాలుగు సీసాల రంగులుంటే ఏ ఊళ్ళోనైనా చెయ్యొచ్చు.

పొద్దున్నే దగ్గి తీసిన తెమడ కావాలి, నోట్లో ఊరిన ఉమ్మి పనికిరాదు. సీసాలో పసుపుపచ్చగా, జున్నుముక్కలా ఉన్న కణం ఏరి గాజుపలక మీద పల్చగా పరచాలి. గాలికి ఆరనిచ్చి, మంట మీదుగా మూడుసార్లు పోనివ్వాలి, అప్పుడు అతుక్కుంటుంది. కార్బాల్ ఫ్యూక్సిన్ పొయ్యాలి (బేసిక్ ఫ్యూక్సిన్ 1 గ్రాము, ఆల్కహాలు 10 మి.లీ., ఫినాల్ 5 గ్రాములు, నీళ్ళు 100 మి.లీ. కి సరిపడా). కింద నుంచి ఆవిరి లేచేదాకా వేడి చెయ్యాలి, ఉడకకూడదు, అయిదు నిమిషాలు అలా ఉంచాలి. కడిగి, 20 నుంచి 25 శాతం గంధకామ్లంతో ఎరుపు పోయేదాకా కడగాలి. ఆఖరికి మిథిలీన్ బ్లూ. నీలం మీద సన్నగా ఎర్రటి పుల్లలు కనపడితే అదే. తొందర పనికి గాబెట్ పద్ధతి ఉండేది: ఆమ్లమూ నీలం రంగూ ఒకే సీసాలో కలిపేసి ఒక మెట్టు తగ్గించేవారు.

చెడేదెక్కడంటే: వేడి చేసేటప్పుడు రంగు ఎండిపోతే స్ఫటికాలు కట్టి ఎర్రపుల్లల్లా మోసం చేస్తాయి. గీతలు పడ్డ పాత పలకలు వాడినా అంతే. పంపు నీళ్ళలో ఈ క్రిమికి హాని లేని చుట్టాలు కొన్ని ఉంటాయి, అవీ ఎర్రగానే నిలుస్తాయి. అన్నిటికంటే పెద్ద లోపం, మి.లీ. కి అయిదువేల నుంచి పదివేల క్రిములుంటే గానీ ఈ పరీక్షకి చిక్కవు. అందుకని "లేదు" అని వస్తే జబ్బు లేదని కాదు. ఒక్కసారి చూసి వదిలెయ్యకుండా మళ్ళీ తెప్పించమనేది ఇందుకే.

కొండవీటి_చాంతాడు
లక్ష్మి గారి పోస్టు ప్రింటు తీసి ల్యాబులో గోడకి అంటించుకోవచ్చు 🙂

నర్సక్క
పాతకాగితాలు గారు అడిగిన డబ్బా సంగతి. ఉమ్మడానికి రెండు రకాలుండేవి. ఇంట్లో మంచం పక్కన అట్ట కప్పు, దాన్ని రేకు తొడుగులో పెట్టేవారు. రోజూ కప్పు తీసి పొయ్యిలో కాల్చెయ్యాలి, తొడుగుని మరిగే నీళ్ళలో వెయ్యాలి. కాల్చే వీలు లేకపోతే మూతున్న పాత్రలో 5 శాతం కార్బాలిక్ (ఫినాల్) నీళ్ళు పోసి ఉంచాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, చిక్కటి తెమడ మీద కార్బాలిక్ పోస్తే పైపొర గడ్డకడుతుంది, లోపలికి మందు దిగదు. కలిపి గంటల తరబడి నానబెట్టాలి. కాల్చడమే మేలనేది అందుకే.

బయటికెళ్ళేవాళ్ళకి జేబుసీసా. 1889లో జర్మనీలో డెట్వైలర్ చేయించిన నీలం గాజుసీసా అన్నిట్లోకీ పేరుబడింది. పైన స్ప్రింగుమూత, ఒక్క వేలితో తెరుచుకుంటుంది. అడుగున ఇంకో మర మూత, దాన్ని తిప్పి కడుక్కోవాలి. నీలం ఎందుకంటే లోపలిది కనపడకుండా. రోగులు మాత్రం దాన్ని నలుగురిలో బయటికి తియ్యడానికి సిగ్గుపడేవారు. సీసా జేబులోనే ఉండేది, ఉమ్మి రుమాల్లోకి పోయేది, అది ఎండి చొక్కాకి రాసుకునేది. అందుకే నర్సులు గుడ్డ రుమాలు వద్దు, పాతగుడ్డ ముక్కలైనా కాగితమైనా వాడి రోజూ కాల్చెయ్యండి అనేవారు.

ఇంకోటి: పొడి చీపురు వద్దు. తడిగుడ్డతో తుడవాలి, లేదా తడిపిన రంపపుపొట్టు చల్లి ఊడవాలి.

డాట్స్_డాక్టరు
నర్సక్కా, ఆ చివరి మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఉమ్మి ఎండి దుమ్మై ఊపిరితో లోపలికి పోతుందని 1888లో కార్నెట్ అనే జర్మన్ డాక్టరు గది గోడల దుమ్ము తీసి గినీపందులకి ఎక్కించి చూపించాడు. ఊళ్ళన్నీ దాన్ని పట్టుకున్నాయి. న్యూయార్కు 1896లో బహిరంగంగా ఉమ్మడం నిషేధించింది. కానీ 1897 నుంచే ఫ్లూగె "దుమ్ము కాదు, దగ్గినప్పుడూ మాట్లాడినప్పుడూ వచ్చే తుంపర" అంటున్నాడు. 1930లలో వెల్స్ ఇంకాస్త ముందుకెళ్ళి, తుంపర గాల్లోనే ఆరి మిగిలే సూక్ష్మకణం గంటల తరబడి తేలుతుందని తేల్చాడు. 1950ల చివర బాల్టిమోరులో రైలీ క్షయ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీపందుల గదికి పంపితే వాటికి జబ్బొచ్చింది. గాలి ఒక్కటే వెళ్ళింది, ఉమ్మి కాదు. వీధిలో ఉమ్మినందుకు జరిమానా వెయ్యడమంటే పుండొకచోట మందొకచోట.

నర్సక్క
ఒప్పుకోను. ఉమ్మొద్దని పంచిన అదే కరపత్రంలో దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకో, వేరే మంచం మీద పడుకో, కిటికీ రాత్రంతా తెరిచి ఉంచు అని కూడా ఉండేది. సిద్ధాంతం తప్పయినా ఆ మూడూ తుంపరకీ పనికొచ్చేవే. గదిలో గాలి మారితే తేలే కణాలు పల్చబడతాయి, మీ రైలీ చెప్పింది కూడా అదే కదా.

డాట్స్_డాక్టరు
కిటికీ వరకు ఒప్పుకుంటా. వీధి ఉమ్మి జరిమానాలకి పెట్టిన పోలీసు శ్రమ మాత్రం వృథానే అంటాను.

బ్రూక్లిన్_బాబాయ్
కిటికీ అనగానే: న్యూయార్కులో 1879 చట్టం కింద కట్టిన అద్దె మేడల్లో రెండు భవనాల మధ్య సన్నటి గాలిసందు వదిలేవారు. జనం దాంట్లోకి చెత్త పడేసేవారు. పై అంతస్తు వాళ్ళకి కాస్త వెలుతురు, కింద వాళ్ళకి కంపు. అంతకుముందు కట్టిన వాటిల్లో లోపలి గదులకి కిటికీయే లేదు. కిటికీ తెరవమని నర్సు చెప్తే ఏ కిటికీ తెరుస్తారు? 1901 చట్టం వచ్చాకే కొత్తవాటిలో ప్రతి గదికీ బయటికి కిటికీ, ప్రతి వాటాకీ మరుగుదొడ్డి తప్పనిసరి చేశారు. పాతవాటిలో లోపలి గదికి పక్క గదిలోకి కిటికీ కొట్టించారు, అంతే.

పాలకేంద్రం
అందరూ ఊపిరితిత్తుల క్షయ గురించే రాస్తున్నారు. పిల్లల మెడగడ్డలు, గూని, పేగు క్షయ, వీటిల్లో చాలావాటికి మూలం పాలు. ఆవు క్రిమి వేరు, మనిషి క్రిమి వేరు అని అమెరికా శాస్త్రజ్ఞుడు థియోబాల్డ్ స్మిత్ 1898లో విడదీశాడు. 1901లో లండన్ సభలో కోఖ్ లేచి ఆవు క్షయ మనిషికి పెద్ద ప్రమాదం కాదన్నాడు. అంత పెద్దమనిషి అన్నాక మునిసిపాలిటీలకి పాల వ్యాపారుల్ని అదుపు చెయ్యడం కష్టమైపోయింది. బ్రిటన్ రాయల్ కమిషన్ పదేళ్ళు ప్రయోగాలు చేసి 1911లో కోఖ్‌ది తప్పని తేల్చింది.

పాశ్చరైజేషన్ పద్ధతి: 145 ఫారన్‌హీట్ (63 సెల్సియస్) దగ్గర 30 నిమిషాలు పట్టి ఉంచి, వెంటనే చల్లార్చాలి. ఎక్కడ చెడుతుందో కూడా స్మిత్తే కనిపెట్టాడు. తెరిచిన పాత్రలో పాలు వేడి చేస్తే పైన మీగడపొర కడుతుంది. కింద పాలల్లో క్రిమి చస్తుంది, ఆ పొరలో ఉన్నది 60 డిగ్రీల్లో గంటసేపు కూడా బతుకుతుంది. పైన గాలి చల్లగా ఉండి పొర అంత వేడెక్కదు. అందుకని మూత వేసి కలుపుతూ ఉండాలి. తొలిరోజుల్లో చాలా డైరీలు వేడి చూపించి సమయం తగ్గించేసేవి. ఉష్ణోగ్రతని కాగితం మీద గీసే యంత్రం పెట్టాకే ఇన్‌స్పెక్టరుకి పట్టు దొరికింది.

గోదారిగట్టు
మన ఇళ్ళల్లో పాలు పొంగించి కాచడం ఉంది కాబట్టి ఆ దారి మనకి చాలావరకు మూసుకుపోయింది. పశువులకి ట్యూబర్‌క్యులిన్ (క్షయ క్రిమి నుంచి తీసిన ద్రవం) పరీక్ష సంగతి కూడా రాయండి.

పాలకేంద్రం
ముందు రెండు మూడుసార్లు ఆవు ఒంటివేడి చూసి రాసుకోవాలి. మెడ చర్మం కింద ట్యూబర్‌క్యులిన్ ఎక్కించాలి. ఎనిమిది గంటల తర్వాత నుంచి రెండేసి గంటలకోసారి వేడి చూడాలి. జబ్బున్న ఆవుకి జ్వరం లేస్తుంది, లేనిదానికి లెయ్యదు. మోసం ఏంటంటే, అమ్మేవాడు పరీక్షకి కొన్నాళ్ళ ముందే గుట్టుగా ఒక డోసు ఎక్కించేసేవాడు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఆవు స్పందించదు, పరీక్ష నెగ్గేస్తుంది. అందుకే తెలియని చోటి నుంచి వచ్చిన పశువుని విడిగా కట్టేసి మళ్ళీ పరీక్ష చెయ్యాలనే నియమం.

లెక్కలపద్దు
అసలు ప్రశ్నకి రండి: దండగేనా? ఇంగ్లండులో క్షయ చావులు పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచే తగ్గుతున్నాయి, కోఖ్ కంటే ముందే. దాన్ని పట్టుకుని 1970లలో మెక్‌కియోన్ అనే డాక్టరు తిండి వల్లే అన్నాడు. 1980లలో స్రెటర్ అనే చరిత్రకారుడు దాన్ని తప్పుపట్టాడు. అంతకు చాలా ముందు, 1908లోనే న్యూస్‌హోమ్ అనే ఆరోగ్యాధికారి ముదిరిన బీద రోగులు పూర్‌లా (బీదల చట్టం) ఆసుపత్రుల్లో చేరి ఇంటికి దూరంగా ఉండటం వల్ల తగ్గిందన్నాడు. తగ్గుదల ఒకటే, కారణం తలా ఒకటి.

గట్టి లెక్క 2019లో వచ్చింది. అమెరికాలో 500 పైగా మునిసిపాలిటీల 1900–1917 చావుల లెక్కలు తీసి, ఏ ఊరు ఏ ఏడు ఏ చర్య తీసుకుందో దానికి జతచేసి చూశారు. చాలా చర్యలకి ఫలితం కనపడలేదు. కేసులు తెలపడం తప్పనిసరి చేసిన చోట చావులు 6 శాతం, రాష్ట్ర శానటోరియం తెరిచిన చోట సుమారు 4 శాతం తగ్గాయి. మొత్తం తగ్గుదలలో ఇవి చిన్న ముక్క.

పాతకాగితాలు
అంటే దండగే అన్నమాటేగా?

లెక్కలపద్దు
కాదు. మందు లేని రోజుల్లో పేరు రాసుకున్నంత మాత్రాన 6 శాతం అంటే నా దృష్టిలో తక్కువేం కాదు. పేరు రాస్తేనే కదా నర్సు వెళ్ళేది, ఇంట్లోవాళ్ళని చూసేది. పైగా ఆ లెక్క ఆ 18 ఏళ్ళకే. క్షయ సోకిన పిల్లాడు ఇరవై ఏళ్ళ తర్వాత జబ్బు పడొచ్చు. 1910లో ఒక సోకు ఆపితే తగ్గే చావు 1930లో.

గోదారిగట్టు
మరి ఫ్రేమింగ్‌హామ్? మసాచుసెట్స్‌లో పదహారు పదిహేడు వేల జనం ఉన్న ఊరు. 1917 నుంచి 1923 దాకా మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ డబ్బు ఇచ్చింది. ఇంటింటి సర్వే, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరికీ ఛాతీ పరీక్ష, అనుమానం ఉంటే నిపుణుడి రెండో చూపు, బడిపిల్లలకి ట్యూబర్‌క్యులిన్. ఏడాదికి ఒక చావు ఉన్నచోట తొమ్మిది దాకా జబ్బు కేసులుంటాయని అక్కడే తెలిసింది. అంతవరకూ చాలా తక్కువ అనుకునేవారు. చావురేటు లక్షకి 121 నుంచి 38కి దిగింది.

లెక్కలపద్దు
పోలికకి పెట్టిన పక్క ఊళ్ళలో కూడా తగ్గింది, అందులో సగం దాకా. మధ్యలో 1918 ఫ్లూ వచ్చి ముదిరిన రోగుల్ని ముందే తీసుకుపోయింది, ఆ తర్వాతి ఏళ్ళలో క్షయ చావులు సహజంగానే తక్కువ కనిపిస్తాయి. అంత చిన్న ఊళ్ళో ఏడాదికి చావులే ఇరవై లోపు, నాలుగు అటూ ఇటూ అయినా రేటు ఊగిపోతుంది. కేసుల నిష్పత్తి మాత్రం గట్టిది, దాన్ని నమ్ముతా.

మదనపల్లె_మిట్ట
మన సీమలో జరిగింది ఎవురూ ఎత్తలేదే! మిషనరీ సంఘాలు కొన్ని కలిసి 1912లో మదనపల్లెలో క్షయ వైద్యం మొదలుపెట్టినారు. 1915లో ఊరి బయట కొత్త శానటోరియంకి మారినారు, ఆ చోటే ఆరోగ్యవరం. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్ దాన్ని నడిపినాడు. అంతకుముందు దేశంలో తిలౌనియా (1906), అల్మోడా (1908), ధరంపూర్ (1909), భోవాలి (1912) ఉన్నాయి, అన్నీ ఉత్తరాదివే. దక్షిణాది రోగి అంత దూరం పోలేడు. రెండువేల అడుగులకు పైన ఎత్తు, పొడిగాలి ఉంది కాబట్టి మదనపల్లె కుదిరింది.

శానటోరియం అంటే ఊరికే పడుకోబెట్టడం గాదు. జ్వరం ఉన్నన్నాళ్ళూ మంచం దిగకూడదు. దిగినాక కొలిచిన నడక. ఇంగ్లండులో ఫ్రిమ్లీలో పాటర్సన్ దీన్ని పద్ధతిగా కట్టినాడు: అర మైలుతో మొదలు, రోజుకు పది మైళ్ళ దాకా, ఆపైన బుట్ట మోత, పార పని. సాయంత్రం వేడి 99 దాటితే మళ్ళా మంచం. బరువు వారం వారం. రోగి నాకు బాగుందని తొందరపడి నడిస్తే చీలిన చోట మళ్ళా తెరుచుకుంటుంది, రక్తం పడుతుంది.

ల్యాబ్_లక్ష్మి
పుండు పడ్డ ఊపిరితిత్తి చుట్టూ గాలి నింపి, పుండు మూసుకునేలా దాన్ని ముడిచే వైద్యం కూడా శానటోరియంలలోనే పెరిగింది. ఇటలీలో ఫోర్లానినీ అనే డాక్టరు మొదలుపెట్టాడు. పక్కటెముకల మధ్య సూది దింపి, నీళ్ళ గొట్టం మానోమీటరు (ఒత్తిడి కొలిచేది) కలుపుతారు. ఊపిరితో పాటు నీటిమట్టం ఊగాలి, సున్నాకి దిగువనే ఊగాలి. ఊగకపోతే సూది సరైన చోట లేదు, గాలి పంపకూడదు. పంపితే రక్తనాళంలోకి పోయి ప్రాణం తీస్తుంది. మొదటిసారి 200–300 మి.లీ. ఆపైన కొన్ని రోజులకోసారి, క్రమంగా వారాలకోసారి నింపుతూ రెండు మూడేళ్ళు. పొరలు అతుక్కుపోయినవాళ్ళలో ఊపిరితిత్తి ముడుచుకోదు, పుండు అలాగే తెరుచుకుని ఉంటుంది.

డాట్స్_డాక్టరు
మిట్ట గారూ, శానటోరియం గొప్పదే గానీ మన లెక్కకి సరిపోదు. దేశ ఆరోగ్య పరిస్థితి మీద సర్కారు వేసిన భోర్ కమిటీ 1946 రిపోర్టు ప్రకారం దేశంలో రోగులు సుమారు 25 లక్షలు, ఏటా చావులు 5 లక్షలు, మంచాలు 6 వేలు. ఏ మూలకి? 1956లో మద్రాసులో మొదలైన పోలికలో మందులు వచ్చాక ఇంట్లో వైద్యమూ శానటోరియంలో వైద్యమూ ఒకే ఫలితం ఇచ్చాయి. ఇంట్లోవాళ్ళకి అదనంగా సోకనూ లేదు.

మదనపల్లె_మిట్ట
మందులు వచ్చినాక అన్నారు కదా, అదే నేనూ చెప్పేది. మందు లేనప్పుడు ఇంట్లో ఒకే గదిలో పిల్లోళ్ళతో పడుకుంటా ఉంటే? ఇంగో మాట, ఆరోగ్యవరం మంచాల లెక్కతోనే తూచొద్దు. డాక్టర్లకు క్షయ పని నేర్పింది అక్కడే. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలుపెట్టిన తావుల్లో మదనపల్లె ఒకటి.

కొండవీటి_చాంతాడు
డెన్మార్క్ అంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు బళ్ళో అమ్మిన టీబీ సీలు కూడా అక్కణ్ణించి వచ్చిందే. 1904లో హోల్బోల్ అనే తపాలా గుమాస్తా ఆలోచన: క్రిస్మస్ ఉత్తరం మీద స్టాంపు పక్కన రెండు ఓర్ల (అక్కడి చిల్లర నాణెం) బిళ్ళ, ఆ డబ్బు క్షయ పిల్లల ఆసుపత్రికి. 1907లో అమెరికాలో ఎమిలీ బిసెల్ డెలావేర్‌లో చిన్న శానటోరియంకి 300 డాలర్లు కావాలని పైసా బిళ్ళ వేస్తే దానికి పదింతలు వచ్చాయి. మన దేశంలో 1950లో మొదలైంది. బిళ్ళ వెనక జిగురు నాకినవాళ్ళందరూ చేతులెత్తండి.

పాలకేంద్రం
✋

పాతకాగితాలు
నాకు కావాల్సింది చాలావరకు దొరికింది. ఒక్కటి మిగిలింది. రోగి చనిపోయాకో, ఆసుపత్రికి తీసుకెళ్ళాకో ఆ గదిని ఏం చేసేవారు?

బ్రూక్లిన్_బాబాయ్
న్యూయార్కులో ఇన్‌స్పెక్టరు వచ్చి గది చూసి ఇంటివాడికి ఉత్తర్వు ఇచ్చేవాడు: గోడలకి అంటించిన కాగితం పీకి, కొత్తగా సున్నమో రంగో వెయ్యాలి, నేల కడగాలి. పక్కగుడ్డలు శాఖ బండిలో తీసుకెళ్ళి ఆవిరిపట్టి తెచ్చిచ్చేవారు. ఇంటివాడు ఉత్తర్వు పాటించకపోతే తలుపు మీద అట్ట కొట్టేవారు, బాగుచేసేదాకా ఇందులో ఎవరూ ఉండకూడదని. అద్దె ఆగుతుంది కాబట్టి సున్నం త్వరగానే పడేది.

నర్సక్క
సున్నం కంటే ఎండ ముఖ్యం. పల్చగా పరిచిన తెమడలో క్రిమి నేరుగా పడే ఎండకి కొన్ని గంటల్లో చస్తుంది, చీకట్లో చల్లగా ఉంటే నెలలు బతుకుతుంది. పరుపు దొడ్లో ఎండేసేటప్పుడు రెండు వైపులా తిప్పాలి. మందంగా ఉన్న మరకల లోపలికి ఎండ దిగదు, వాటిని ముందు మరిగే నీళ్ళతో ఉడికించాలి, ఉతకడం ఆ తర్వాతే.